రాజేశ్వరి పేరు మీద జైనబీ

రాజేశ్వరికి ఆసుపత్రి అంటే చిన్నప్పటి నుంచీ భయం. సొంతూరు రాజోలు పక్కన. అక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేటప్పుడు వేలు తెగి చీము పట్టినా పసుపద్ది గుడ్డ చుట్టుకుందే గాని డాక్టరు గడప తొక్కలేదు. అలాంటి మనిషి మస్కట్ వచ్చి, తన పేరు మీద ఆరోగ్య బీమా ఉందని తెలిసిన రోజు తెగ మురిసిపోయింది.

ఆమె అల్ మవాలేలో సఫియా అనే ఒమానీ టీచరమ్మ ఇంట్లో వంటమనిషి. బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్ళకి యజమానులే బీమా చేయించాలంటూ కొత్త నిబంధనలు వస్తున్న రోజులవి. అవి ఎవరికి ఎప్పటి నుంచి వర్తిస్తాయో, ఇంటి పనివాళ్ళ సంగతేమిటో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెప్పేవారు. వీసా పొడిగించే సమయం రాగానే, తర్వాత గొడవెందుకని సఫియా బీమా కట్టేసింది. చేతికిచ్చిన కార్డేమీ లేదు. ఫోన్లో ఒక బొమ్మ, దాని మీద రాజేశ్వరి పేరు, అంతే. ఆ బొమ్మనే ఆమె ఊళ్ళో ఉన్న భర్తకు వాట్సాప్‌లో పంపి, "చూడు, ఇక్కడ నాకేదైనా అయితే పైసా అడగరంట" అని గొప్పగా చెప్పుకుంది.

ఆ మాట నిజమో కాదో ఒకసారి చూసింది కూడా. చలిజ్వరం వచ్చినప్పుడు సఫియా దగ్గరుండి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు, మందులిచ్చారు, నిజంగానే డబ్బు అడగలేదు.

జైనబీకి అలాంటిదేమీ లేదు. జైనబీది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. రాజేశ్వరి కన్నా బాగా చిన్నది. బర్కాలో ఖర్జూర తోటల మధ్య ఉన్న ఒక పెద్ద ఇంట్లో పనికి కుదిరి, అక్కడ కడుపుకి తిండి, కంటికి నిద్ర లేక, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలేసి బయటపడింది. ఆ రోజు ఆమెను రోడ్డు పక్కన చూసి వ్యాను ఎక్కించుకున్నవాడు భూమేశ్. నిర్మల్ వైపు మనిషి, మవాలేలోని దుకాణాలకు కూరగాయలు వేసే వ్యాను నడుపుతాడు. తెలుగు మాట వినిపిస్తే ప్రాణం లేచివస్తుందని దుకాణం దగ్గర అతనితో మాట కలిపే రాజేశ్వరికి, జైనబీని పరిచయం చేసింది అతనే.

పారిపోయి వచ్చిన మనిషిని అక్కడ ఖల్లివల్లి అంటారు. కాగితాలుండవు, కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, ఉండడు, ఏ లెక్కలోనూ పేరుండదు. జైనబీ ఘుబ్రాలో మరికొందరు ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటూ, చుట్టుపక్కల ఫ్లాట్లలో గంటల లెక్కన ఊడ్చి తుడిచేది. నడుం నొప్పి పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళితే గుర్తింపు కార్డు అడుగుతారు. అందుకని గదిలో ఎవరి దగ్గర ఏ నొప్పి మాత్ర ఉంటే అది మింగేది, అదీ ఖాళీ కడుపు మీద.

"అన్నం తిని వేసుకోవే," అని రాజేశ్వరి ఫోన్లో కోప్పడితే, "తిన్న్యాక పని సేయల్లంటే వంగలేనక్కా, మాత్రేసుకుంటే వంగుతా," అని నవ్వేది.

ఒక శుక్రవారం పొద్దున ఆ నవ్వు లేని గొంతుతో జైనబీ ఫోన్ చేసింది.

"అక్కా, వాంతి అయితాంది. నల్లగా ఉండాది. ఇప్పుడు ఎర్రగా కూడా పడింది. నాకు కండ్లు కనపడ్డం ల్యా."

సఫియా కుటుంబమంతా బంధువుల పెళ్ళికి నిజ్వా వెళ్ళింది. ఇంట్లో రాజేశ్వరి ఒక్కతే. ఆమె పొయ్యి కట్టేసి, భూమేశ్‌కి ఫోన్ చేసి, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా తగిలించుకుని గేటు బయట నిలబడింది. అతను రాగానే ఇద్దరూ ఘుబ్రా వెళ్ళారు. జైనబీ మెట్ల మీద కూర్చుని ఉంది. గదిలోవాళ్ళు ఆమెను అక్కడి దాకా నడిపించి లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఇంకో ఇద్దరికి కాగితాల్లేవు. అంబులెన్సు వస్తే వెనకే ఎవరొస్తారోనని వాళ్ళ భయం వాళ్ళది.

రాజేశ్వరి వంగి జైనబీ మొహం చూసింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. ఒళ్ళో ఉన్న తువ్వాలు మీద ముదురు ఎరుపు మరకలు.

వ్యానులో వెనక ఖాళీ ట్రేలు పక్కకి నెట్టి ఆమెను పడుకోబెట్టారు. భూమేశ్ తాళం తిప్పాడు గాని బండి కదిలించలేదు.

"అక్కా, ఏ దవాఖానకు పోవాలె చెప్పు. యాడికి పోయినా బతాకా అడుగుతరు. ఈమెకు లేదాయె. పోలీసోళ్ళు అస్తరు. నేను ఎక్కించుకున్ననని నన్ను గూడ పట్టుకుంటరు. నాకిద్దరు పిల్లలున్నరక్కా."

"అయితే ఏటి చెయ్యమంటావు? ఇలా వదిలేత్తామా?"

"వదిలేద్దామంటలేను. ఏం జేద్దామని అడుగుతున్న."

రాజేశ్వరి తన సంచీలో చెయ్యి పెట్టింది. బతాకా, అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు, వేళ్ళకి తగిలింది. దాని మీది ఫొటో ఎప్పటిదో. తలకి స్కార్ఫు కట్టుకుని, బుగ్గలు లోపలికి పోయిన మొహం. ఆ మొహం రాజేశ్వరిదే అయినా, కార్డు చేతిలో పట్టుకున్న ఆ క్షణంలో జైనబీదిలా కూడా కనిపించింది.

"నా కార్డు ఇచ్చేద్దాం," అంది.

భూమేశ్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక పడుకున్న జైనబీ కళ్ళు మూసుకునే, "వద్దక్కా," అంది. "నీ మీదికొస్తాది. నన్ను గదిలోనే పండబెట్టండి."

"నోరు ముయ్యి. పోనియ్యి భూమేశూ."

తను జ్వరానికి వెళ్ళిన ఆసుపత్రి పేరే చెప్పింది రాజేశ్వరి. ఆమెకి తెలిసింది అదొక్కటే.

కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడు కార్డు తీసుకుని, చక్రాల కుర్చీలో తల వేలాడేసిన జైనబీ వంక ఒక్కసారి చూశాడు. ఆమె అప్పుడే మళ్ళీ వాంతి చేసుకుంది. ఆ రక్తం చూసి అతను ఫొటో సంగతి మరిచిపోయి లోపలికి కేకేశాడు. నర్సులు పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీని తోసుకుపోయారు.

"పేషెంటు రాజేశ్వరి కదా?" అని అతను హిందీలో అడిగాడు.

"ఆ. రాజేశ్వరి."

"మీరేమవుతారు?"

"స్నేహితురాలిని."

"మీ పేరు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. "కవిత," అంది. ఊళ్ళో ఆడపడుచు పేరది. ఎందుకు నోటికొచ్చిందో తెలీదు. తన పేరు లోపలికి పోయింది, తను మటుకు ఎవరిదో పేరుతో బయట మిగిలింది.

హాల్లో చాలామందే ఉన్నారు. పక్క కుర్చీలో ఒక అవ్వ జపమాల తిప్పుతోంది. గోడకున్న టీవీలో శబ్దం లేకుండా వంట చూపిస్తున్నారు. భూమేశ్ బండి దగ్గరే ఉండిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా రాజేశ్వరి లేచి నిలబడి, తన కోసం కాదని తెలిసి కూర్చుంటోంది. లోపల ఆ పిల్ల చచ్చిపోతే ఏమవుతుందన్న ఆలోచన ముందు ఒక మూల నుంచి వచ్చింది. తర్వాత అది తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. చచ్చిపోతే రాజేశ్వరి చచ్చిపోయిందని రాస్తారు. ఊరికి ఫోన్ వెళ్తుంది. పిల్లలు ఏడుస్తారు. పెట్టెలో ఎవరి శరీరం వెళ్తుంది? రాయచోటిలో ఆ తల్లి కూతురి ఫోన్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. తనేమో బతికే ఉండి, ఏ పేరూ లేకుండా, ఏ విమానమూ ఎక్కలేక ఈ దేశంలో తిరుగుతూ ఉండాలి.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద సఫియా పేరు.

రాజేశ్వరి ఆ పేరు వంక చూస్తూ ఉండిపోయింది. ఆగి మళ్ళీ మోగింది. ఎత్తింది. సఫియా ఆమెతో ఎప్పుడూ హిందీ, అరబిక్ కలిపి మాట్లాడుతుంది. ఇప్పుడు ఆ మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

"రాజీ! నీకేమైంది? బీమా వాళ్ళ దగ్గర్నుంచి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎమర్జెన్సీ, అడ్మిషన్ అని ఉంది. పొద్దున బాగానే ఉన్నావు కదా?"

బీమా కట్టింది సఫియా. మెసేజ్ ఆమెకే వెళ్తుందన్న సంగతి రాజేశ్వరికి తట్టనే లేదు.

"ఏం లేదు మేడమ్. కొంచెం కడుపులో నొప్పి."

"కడుపునొప్పికి ఎవరైనా అడ్మిట్ చేస్తారా? అబద్ధం చెప్పకు, భయపెట్టకు నన్ను. ఎవరున్నారు నీ దగ్గర? ఒక్కదానివే ఉన్నావా?"

"ఉన్నారు మేడమ్. మీరు పెళ్ళి చూసుకోండి. నేను సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాను."

"నేను బయలుదేరుతున్నా," అని సఫియా ఫోన్ పెట్టేసింది.

నిజ్వా నుంచి మస్కట్‌కి మంచి రోడ్డుంది. రాజేశ్వరికి ఒక్కసారిగా ఆ రోడ్డంతా కళ్ళ ముందు కనిపించింది, దాని మీద మేడమ్ తెల్ల కారు తన వైపు దూసుకొస్తున్నట్టు. వచ్చి మంచం మీద జైనబీని చూస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహకి కూడా అందలేదు. మేడమ్ కోపిష్టి కాదు, కానీ చట్టం మాట వస్తే చాలా జాగ్రత్త మనిషి. ఎవరి పాపమో తన ఇంటి మీదికి తెచ్చుకునే రకం కాదు.

అంతలో ఒక నర్సు బయటికి వచ్చింది. మలయాళీ ఆవిడ. "రాజేశ్వరి తాలూకు ఎవరు?" అని అడిగింది. రాజేశ్వరి లేచింది.

"మీరు ఆమెకి బాగా తెలుసా? ఇంతకుముందు ఇక్కడికి వచ్చినట్టు రికార్డుంది. అప్పుడు రక్తం బి పాజిటివ్ అని వచ్చింది. ఇప్పుడు ఓ అని వస్తోంది. రెండోసారి తీసి చూసినా అదే. ఎక్కడో పొరపాటుంది. అది తేలేదాకా ల్యాబు వాళ్ళు రక్తం విడుదల చెయ్యడం లేదు, ఎవరికైనా ఎక్కించే ఓ నెగటివ్ ఇప్పుడు నిల్వ లేదు. ఆమెనడిగితే సరిగ్గా మాట్లాడే స్థితిలో లేదు. మీకేమైనా తెలుసా, ఆమె గ్రూపు ఏమిటో?"

"నాకు తెలీదు సిస్టర్," అంది రాజేశ్వరి. ఆ మాట నిజమే, అయినా నోరు చేదెక్కింది. "రక్తం ఎక్కించకపోతే?"

"చాలా పోయింది," అంది నర్సు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రాజేశ్వరి నడుస్తూ బయటికి వచ్చేసింది. ఎండ మొహాన కొట్టింది. పార్కింగులో భూమేశ్ వ్యాను నీడన కూర్చుని బీడీ వెలిగించబోతూ ఆగాడు.

"ఏమైందక్కా?"

"మేడమ్ వచ్చేత్తంది. రక్తం తేడా వచ్చిందంట. నా రక్తం, దాని రక్తం ఒకటి కాదంట. అందుకని ఎక్కించకుండా ఆపేశారు."

భూమేశ్ బీడీ జేబులో పెట్టేశాడు. అతని కళ్ళలో భయం, అద్దంలో తన భయాన్నే చూస్తున్నట్టుంది.

"ఎక్కక్కా. పోదాం. ఆమె దవాఖాన్లనే ఉన్నది గద. సావనియ్యరు, వాళ్ళే చూస్కుంటరు. నిన్నెవరు అడిగినా బతాకా పోయిందని చెప్పు. పడిపోయిందను. దొరికినోళ్ళు వాడుకున్నరను."

ఆ మాటల్లో దారి ఉంది. రాజేశ్వరి వ్యాను తలుపు మీద చెయ్యి వేసింది కూడా. కార్డు పోయిందంటే ఎవరు కాదంటారు? మేడమ్ నమ్ముతుంది. ఇల్లు, వంటగది, నెల నెలా ఊరికి పంపే జీతం, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. వెనక ట్రేల మధ్య జైనబీ పడుకున్న చోట తువ్వాలు పడి ఉంది. వెళ్ళిపోతే అక్కడ ఆ పిల్ల రాజేశ్వరిగా పడుకుని ఉంటుంది, రాజేశ్వరికి సరిపడే రక్తం కోసం ఎదురుచూస్తూ.

"నేను ఎల్లలేను భూమేశూ," అంది. ఏడుపొచ్చేసింది. "నువ్వు ఎల్లిపో. నీ పేరు చెప్పను."

"అక్కా..."

"ఎల్లిపోమన్నానా!"

ఆమె వెనక్కి తిరిగింది. గాజు తలుపు దాకా నడవడానికి ఒక ఊరు దాటినంత సేపు పట్టినట్టనిపించింది. లోపలికి వెళ్ళి, ఆగమంటున్న కుర్రాడి మాట వినకుండా, నర్సు వెళ్ళిన తలుపు తోసింది. తెరల మధ్య మంచాలు. ఒక మంచం దగ్గర ముగ్గురు మూగి ఉన్నారు. ఆ ముగ్గురి మధ్యలోంచి జైనబీ పాదం కనిపించింది, పసుపు పచ్చగా.

"ఆవిడ రాజేశ్వరి కాదు," అంది గట్టిగా. హిందీలో అంటున్నాననుకుంది గాని తెలుగులో అంది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ హిందీలో చెప్పింది. "రాజేశ్వరిని నేను. బి పాజిటివ్ నాది. ఆమె పేరు జైనబీ. ఆమెకి కార్డు లేదు. నాదిచ్చాను. మీ మిషను తప్పు కాదు. రక్తం ఎక్కించండి."

డాక్టరు తలెత్తి చూశాడు. ఆయన మొహంలో కోపం వస్తుందనుకుంది. కోపం కన్నా ముందు ఏదో బరువు దిగినట్టు కనిపించింది. "పాత రికార్డు పక్కన పెట్టండి. ఇది కొత్త పేషెంటు," అని నర్సుతో అన్నాడు. రాజేశ్వరి వైపు తిరిగి, "ఈమెకి ఏ మందైనా పడదా? రోజూ ఏం వేసుకుంటుంది?" అని అడిగాడు.

"నొప్పి మాత్రలు సార్. చాలా. తినకుండా వేసుకుంటుంది."

"అదే," అన్నాడాయన. "కడుపులో పుండు పడి రక్తనాళం తెగింది."

నర్సు ఆమె భుజం పట్టుకుని బయటికి నడిపించింది. తలుపు దగ్గర ఆగి, నెమ్మదిగా, "ఈ మాట మొదటే చెప్పాల్సింది. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి మేం కాగితాలు చూసి వైద్యం చెయ్యం," అంది. అది నిజమో, ఆ నర్సు మంచి మనసో రాజేశ్వరికి తెలీలేదు. ఆమెకి అంతవరకూ ఎవరూ ఆ మాట చెప్పలేదు. చెప్పినా జైనబీలాంటి వాళ్ళు నమ్మేవాళ్ళూ కాదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఆసుపత్రి ఆఫీసులోంచి ఒకాయన వచ్చి ఆమె బతాకా తీసుకుని తన దగ్గరే పెట్టుకున్నాడు. బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. పోలీసులకు కూడా చెప్పాల్సి ఉంటుందన్నాడు. రాజేశ్వరి తల ఊపింది. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే మూత తియ్యడం చేతకాలేదు.

సఫియా పెళ్ళి బట్టల్లోనే వచ్చింది. చేతులకి పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. కౌంటరు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్తూ, కుర్చీలో కూర్చున్న రాజేశ్వరిని చూసి ఠక్కున ఆగిపోయింది. దగ్గరకొచ్చి, మొహం రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు బాగున్నావు," అంది. "నీకేం కాలేదు."

"నాకేం కాలేదు మేడమ్. లోపల వేరే ఆమె ఉంది." రాజేశ్వరి మొత్తం చెప్పేసింది. భూమేశ్ పేరు మాత్రం చెప్పలేదు, టాక్సీలో తెచ్చానంది.

సఫియా వింటున్న కొద్దీ చేతులు వెనక్కి తీసుకుంది.

"దారి పొడుగునా నీ పిల్లలకి ఏమని చెప్పాలా అని ఏడుస్తూ వచ్చాను. కారు ఎలా నడిపానో నాకే తెలీదు. నువ్విక్కడ కూర్చుని ఉన్నావు! నా పేరు మీద కట్టిన బీమా అది. రేపు నన్ను పిలిచి, పారిపోయిన మనిషికి నువ్వే సాయం చేశావా అనడిగితే ఏం చెప్పాలి? స్కూల్లో నా ఉద్యోగం ఏమవుతుంది?"

"తప్పయిపోయింది మేడమ్."

"తప్పు అంటే సరిపోదు, రాజీ!" సఫియా గొంతు హాలంతా వినిపించింది. జపమాల అవ్వ తలెత్తి చూసింది. సఫియా కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. ఆమె కూడా భయపడుతోందని, తనలాగే ఏ దారీ కనిపించడం లేదని రాజేశ్వరికి అప్పుడు తెలిసింది. అది తెలిశాక తన భయం ఇంకా పెరిగింది. అంతవరకూ ఏం జరిగినా మేడమ్ ఉందిలే అని ఒక మూల ధైర్యం ఉండేది.

జైనబీ బతికింది. నోట్లోంచి గొట్టం వేసి రక్తం కారే చోటు మూసేశారు. ఆ మరునాడు రాజేశ్వరిని ఒక పోలీసు వెంటబెట్టుకుని కాసేపు చూడనిచ్చారు. మంచం తలాపి వైపు పలక మీద ఇప్పుడు జైనబీ పేరే ఉంది. రాజేశ్వరి ఆ పేరు రెండుసార్లు చదువుకుంది.

"అక్కా, నిన్ను పట్టుకున్న్యారా?" అని అడిగింది జైనబీ, గొంతు గీరుకుపోయి.

"పట్టుకోలేదు. మాటలడుగుతున్నారు."

"నన్ను ఇంటికి పంపిస్తారంట. ఎంబసీ ఆయప్ప వచ్చి చెప్పిపోయినాడు." కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. "ఇంటికి పోతాననే మాట ఇంటే ఏడుపు వస్తాంది సూడు. మళ్ళా రాకుండా ముద్ర ఏస్తారంట. రాకుంటే రాకపాయ."

బీమా కంపెనీ ఆ ఖర్చు కట్టలేదు, కట్టదు కూడా. ఆసుపత్రి కొంత వదులుకుంది. మిగిలినది మస్కట్‌లోని తెలుగువాళ్ళు కొందరు వేసుకున్నారు. భూమేశ్ కూడా ఇచ్చాడని రాజేశ్వరికి చాలా రోజుల తర్వాత తెలిసింది. జైనబీ కోలుకున్నాక, పారిపోయిందని పాత కఫీల్ పెట్టిన ఫిర్యాదును ఎంబసీ వాళ్ళు వెనక్కి తీయించి, పాస్‌పోర్టుకి బదులు తాత్కాలిక కాగితం మీద విమానం ఎక్కించారు.

రాజేశ్వరిని స్టేషన్‌కి పిలిచి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని రాయించుకుని పంపారు. ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఆమెకి తన పేరు పలికేటప్పుడల్లా నాలుక తడబడింది. సఫియా పక్కనే కూర్చుంది. ఆమె ఉద్యోగానికేమీ కాలేదు. ఇంటికి తీసుకొచ్చాక వారం రోజులు కావలసిన సరుకులు చెప్పడం తప్ప రాజేశ్వరితో వేరే మాటాడలేదు. రాజేశ్వరి ఏ పూట సూట్‌కేసు సర్దుకోమంటుందోనని ప్రతి పొద్దునా ఎదురుచూసేది. ఆ మాట రాలేదు.

భయం అక్కడితో అయిపోలేదు. మళ్ళీ బీమా కట్టాల్సిన సమయం వచ్చినప్పుడు కంపెనీ ఒప్పుకోలేదు. రాజేశ్వరికి కడుపులో పుండు ఉందని, ఒకసారి ప్రాణం మీదికొచ్చిందని వాళ్ళ కంప్యూటర్లో ఇంకా అలాగే ఉంది, ఆ రోజు ఆసుపత్రి వాళ్ళు చెప్పినా ఎవరూ దిద్దలేదు. కాదు మొర్రో అని సఫియా ఎన్ని ఫోన్లు చేసినా, పొరపాటైతే డాక్టరు చేత తేల్చి పంపమన్నారు. లేకపోతే కడుపు తాలూకు ఏ రోగానికీ తాము డబ్బు కట్టబోమన్నారు.

"ఏం తేల్చాలి మేడమ్?" అంది రాజేశ్వరి.

"నీ కడుపులో గొట్టం వేసి చూడాలట."

ఆ గొట్టం అప్పుడు జైనబీకి వేసిందే. రాజేశ్వరి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తన కడుపులో నిజంగానే ఏదైనా ఉంటే? ఇన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదు కదా. అబద్ధం చెప్పినందుకు ఆ రోగం తనకి అంటుకుందేమోనని కూడా ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఎంత తోసేసినా అది పోలేదు. మంచం మీద పక్కకి పడుకోబెట్టి, గొంతులోకి మందు కొట్టి, "మింగండి, మింగండి" అంటుంటే ఆమె నర్సు చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. కళ్ళు మూస్తే పార్కింగులోని ఎండ, వ్యాను తలుపు కనిపించాయి. ఊపిరాడదేమోననిపించింది. ఆడింది.

"శుభ్రంగా ఉంది," అన్నాడు డాక్టరు. "పుండూ లేదు, గాయమూ లేదు."

బయట సఫియా కారులో కూర్చుని ఉంది. రాజేశ్వరి ఎక్కి తలుపేసుకుంది. గొంతు మొద్దుబారి మాట సరిగ్గా రావడం లేదు.

"ఏం లేదంట మేడమ్."

"అల్‌హందులిల్లా," అంది సఫియా. తాళం తిప్పబోయి ఆగింది. ఇన్నాళ్ళుగా దాచుకున్న మాటలా, ముందుకే చూస్తూ అంది: "ఇంకోసారి అలాంటిది వస్తే ముందు నాకు చెప్పు."

రాజేశ్వరి సీటు బెల్టు పెట్టుకుంది. తర్వాత, ఎలా వచ్చిందో ధైర్యం, అడిగింది. "ఆ రోజు ముందే చెబితే మీరేం చేసేవారు మేడమ్?"

సఫియా ఆలోచించింది. నిజంగానే ఆలోచించిందని ఆమె కనుబొమలు చూస్తే తెలిసింది.

"తెలీదు," అని కారు నడపసాగింది.